నిమ్‌పురా పంపు హౌసు దగ్గర ‘వెళ్ళొస్తాను’ అనకూడదు

నిమ్‌పురా రైల్వే యార్డు దాటాక, లైను కొంచెం ఒంపు తిరిగే చోట పాత పంపు హౌసు ఒకటి ఉండేది. బొగ్గు ఇంజన్ల కాలంలో అక్కడ ఇంజన్లకి నీళ్ళు పట్టేవారు. బొగ్గు ఇంజన్లు పోయాయి… నీళ్ళు పోయాయి… కప్పు సగం పోయింది. చెడ్డపేరు మాత్రం పోలేదు.

పొద్దు వాలితే ఆ పక్కకి ఎవరూ వెళ్ళరు. బొగ్గు ఏరుకునేవాళ్ళు వెళ్ళరు, మేకలు తోలేవాళ్ళు వెళ్ళరు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఒడియావాళ్ళు అందరూ ఒక్క మాట మీద నిలబడ్డ సంగతి ఖరగ్‌పూర్ మొత్తానికి ఇదొక్కటే.

అక్కడ ఉండేది పోలమ్మ.

పోలమ్మ ఇంజన్లో బొగ్గు వేసే ఒక ఫైర్‌మన్ భార్య. ఇంజన్ నీళ్ళు తాగేంతసేపు ఆగుతుంది కదా — ఆ కాస్త వ్యవధిలో మొగుడికి టిఫిన్ క్యారియర్ అందించేది. అతను క్యారియర్ పుచ్చుకొని, “ఎల్లొస్తాను” అనేవాడు. ఒకరోజు అలాగే అని వెళ్ళాడు… రాలేదు. చచ్చిపోయాడని కొందరు. టాటానగర్‌లో ఇంకో కాపురం పెట్టాడని కొందరు. పోలమ్మ మాత్రం రోజూ క్యారియర్ పట్టుకొని అక్కడి తాటిచెట్టు పక్కన నిలబడేది. పోయాక కూడా నిలబడే ఉందని చెప్పుకుంటారు.

అందుకని అక్కడ ఒక పద్ధతి ఉంది. కొంచెం జాగ్రత్తగా వినాలి.

మన ఇళ్ళల్లో బయల్దేరేటప్పుడు ‘వెళ్తాను’ అనం. అది అశుభం. ‘వెళ్ళొస్తాను’ అంటాం. మాటలు వచ్చిన పిల్లలకి మొట్టమొదట నేర్పే మర్యాద అదే. పంపు హౌసు దగ్గర ఆ మర్యాద తిరగబడుతుంది. అక్కడ తల వంచుకొని, “ఎల్లిపోతన్నాను పోలమ్మా, ఇంక రాను” అనాలి. వస్తానన్నారో — ఆవిడ ఎదురు చూస్తుంది. చూసి, చూసి… రానివాళ్ళ దగ్గరికి తనే వస్తుంది.

ఇక ఆర్థర్‌కి జరిగిన సంగతి. ఇది నేను చూసింది కాదు. నా దగ్గర ఐదో తరగతి చదివిన సూసన్న చెప్పింది. అబద్ధం చెబితే దానికి ఎక్కిళ్ళు వస్తాయి, చిన్నప్పటి నుంచీ అంతే. ఇది చెప్పినప్పుడు ఒక్కటి కూడా రాలేదు.

తొంభై ఎనిమిదో సంవత్సరం, చలి మొదలవుతున్న రోజులు. ఆర్థర్ గార్డుగారి అబ్బాయి. కలకత్తాలో ఒక చిన్న కంపెనీలో చేరాడు. వాళ్ళు కంప్యూటర్‌లో రైలు నడిపే ఆట తయారు చేస్తున్నారు. రైలు చేసేది వేరేవాళ్ళు. రైలు పక్కన కనిపించే నేల, కొండలు, చెట్లు ఆర్థర్ పని. అందుకని కంపెనీవాళ్ళు వాడికి ఒక కంప్యూటర్ ఇచ్చి పంపారు. నిమ్‌పురా క్వార్టరులో ముందుగదిలో పెట్టుకొని, రోజంతా కొండలు చేసేవాడు.

వాడికీ సూసన్నకీ పెళ్ళి మాట నడుస్తోంది. నడుస్తోంది అంటే… సూసన్న తండ్రి దగ్గర ఆగిపోయి ఉంది.

ఆయన జ్ఞానరత్నంగారు, రిటైరైన మెయిల్ డ్రైవరు, చర్చి పెద్ద. పిల్లవాడి ఉద్యోగం ఏమిటో కనుక్కుందామని పిలిపించారు.

“వందనాలండి, మావయ్యగారూ.”

“మావయ్యని ఇంకా అవలేదు. ఏటి పని నీది?”

“కొండలు చేస్తానండి.”

“కాంట్రాక్టరువా?”

“కాదండి. కంప్యూటర్‌లో.”

“ఆ కొండ ఎక్కొచ్చా?”

“లేదండి. చూడ్డానికే.”

జ్ఞానరత్నంగారు భార్య సరోజమ్మ వైపు తిరిగారు. “ఇన్నావా? పిల్లోడు లేని కొండలు సేస్తాడంట. రిచర్డైతే, ఉన్న రైల్లో ఉన్న టికెట్లు సూస్తాడు.”

రిచర్డ్ అంటే సూసన్నకి వచ్చిన ఇంకో సంబంధం, టీటీఈ. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళకి మాట ఇచ్చేయాలని ఆయన ఉద్దేశం. సూసన్న అన్నం మానేసింది. సరోజమ్మ మధ్యలో పడి ఒక ఒప్పందం చేసింది — శుక్రవారం సాయంత్రం ఆర్థర్ ఇంటికి వెళ్ళి, ఆయనే స్వయంగా ఆ బండి నడిపి చూడాలి. బాగుంటే పిల్ల ఆర్థర్‌కి. లేదంటే రిచర్డ్‌కి.

ఇప్పుడు ఆర్థర్ పని ఎలా ఉంటుందో కొంచెం తెలుసుకోవాలి. లేకపోతే ముందు జరగబోయేదానికి భయపడడం కుదరదు.

కొండలు వండే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంటుందట. దానికి ఒక నలుపుతెలుపు బొమ్మ ఇవ్వాలి. తెల్లగా ఉన్నచోట ఎత్తు, నల్లగా ఉన్నచోట పల్లం. అది చూసి కంప్యూటర్ కొండలు లేపుతుంది, ఎండ వేస్తుంది, మంచు కప్పుతుంది. కానీ నెమ్మది. ఒక్క బొమ్మ వండడానికి రాత్రంతా కూర్చుంటుంది. సినిమాకైతే ఫరవాలేదు, క్యారియర్‌లో సర్ది తెచ్చిన భోజనంలాంటిది. ఆట అలా కాదు. ఆట దోసెలాంటిది. మనం పీట మీద కూర్చున్నాక, అడిగినప్పుడు, అడిగిన వైపు, అప్పటికప్పుడు పడాలి. ఆలస్యమైతే బండి ఆగిపోతుంది.

కనుక వీళ్ళు ఒక ఉపాయం చేస్తారు. దూరపు కొండల్ని ముందే వండి, తెరలాగా వెనక అంటించేస్తారు. దగ్గరి చెట్లకి ఫొటో తీసి, అట్టముక్కలాగా కత్తిరించి నిలబెడతారు. అట్టముక్కని పక్కనుంచి చూస్తే గీతలాగా కనిపిస్తుంది కదా? కనిపించకుండా, మనం ఎటు వెళితే అటు ఆ అట్ట మనవైపే తిరుగుతూ ఉంటుంది.

ఇంకొక్కటి, ఇది గుర్తు పెట్టుకోవాలి. ఫొటో ఒక్కటే. లైను పొడుగునా ఉన్న చెట్లన్నీ దాని నీడలే. ఒక్కదానికి బొట్టు పెడితే అన్నిటికీ బొట్టు పడుతుంది. ఒక్కదానికి చెరిపితే అన్నిటికీ చెరిగిపోతుంది.

ఆర్థర్ నిమ్‌పురా లైనునే తీసుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు, చదునుగా చేశాడు. కలకత్తాలో పైఆఫీసరు సాహా దాదా చూసి, “పాహాడ్ కొయ్, భాయ్?” అన్నాడట — కొండలేవీ అని. కొండ లేకుండా సీనరీ ఏమిటని ఆయన బాధ. దాంతో నిమ్‌పురా వెనకాల మంచు కొండలు లేచాయి.

చెట్టు ఒకటి కావాలి. వెనక ఇల్లూ గోడా లేకుండా, ఒంటరిగా, ఆకాశం మీద నిలబడ్డ తాటిచెట్టు. అలాంటిది నిమ్‌పురాలో ఒక్కటే ఉంది.

ఎక్కడుందో మీకు చెప్పక్కరలేదు.

ఆ వారం మొదట్లో ఒక సాయంత్రం ఆర్థర్ సైకిలెక్కి పంపు హౌసు దగ్గరికి వెళ్ళాడు. వాడివి సోడాబుడ్డి కళ్ళద్దాలు. దూరంగా నిలబడి, చెట్టు తల చట్రంలో పడిందా లేదా అన్నదొక్కటే చూసుకొని, ఫొటో తీశాడు. కెమెరా సంచిలో పెట్టుకుంటూ నాలుగడుగులు ముందుకి వచ్చాడు.

నిశ్శబ్దం… యార్డులో ఎక్కడో వాగన్ వాగన్‌కి తగిలిన చప్పుడు… మళ్ళీ నిశ్శబ్దం. సన్నగా పొగ వాసన వచ్చింది. చుట్టూ చూశాడు. నిప్పు ఎక్కడా లేదు.

పిల్లవాడి పెంపకం మంచిది. ఎక్కడికి వెళ్ళినా చెప్పి రావాలని వాళ్ళమ్మా నేర్పింది, బళ్ళో నేనూ నేర్పాను. సంచి భుజాన వేసుకొని, వెనక్కి తిరుగుతూ, ఏ ఆలోచనా లేకుండా అనేశాడు —

“మరి, ఎల్లొస్తాను.”

అన్నాక తెలిసింది, ఎక్కడ అన్నాడో.

పంపు హౌసు లోపల, చీకట్లోంచి… నోరు తెరవకుండా… మెల్లగా —

“ఊఁ.”

బళ్ళో పరుగుపందెం పెడితే చెట్టు కింద కూర్చునే పిల్లవాడు ఆర్థర్. ఆ సాయంత్రం చెప్పులు ఒకచోట, టోపీ ఒకచోట వదిలి, సైకిలుందన్న సంగతి కూడా మరిచిపోయి పరుగెత్తాడు. ఇంటికి చేరాక గుర్తొచ్చింది. కానీ సైకిలు కోసం వెళితే… వస్తానన్నవాడు వచ్చినట్టే అవుతుంది కదా? వెళ్ళలేదు.

తెల్లారి తలుపు తీశాడు.

సైకిలు గేటుకి ఆనించి ఉంది. చెప్పులు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. సీటు మీద టోపీ.

సూసన్న ఒక్కదానికే చెప్పాడు. సూసన్న కాసేపు వాడి ముఖం చూసి, “నాకు సెప్పకుండా కలకత్తా ఎల్లిపోతావు. దెయ్యానికి మాత్రం సెప్పి మరీ వస్తావు,” అంది. అందేగాని, రాత్రి దానికీ నిద్ర పట్టలేదు.

ఫొటో కడిగించి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, చెట్టు కత్తిరించాడు. చెట్టు మొదలు దగ్గర తెల్లగా ఏదో ఉంది. పుట్ట అనుకున్నాడు. చెట్టు పక్కన పుట్ట ఉంటే సహజంగా ఉంటుందని ఉంచేశాడు. కొండలు వండడం గురువారం రాత్రి మొదలై, శుక్రవారం సాయంత్రానికి ఎలాగో పూర్తయింది. బండి ఒక్కసారైనా నడిపి చూసుకోవడానికి వ్యవధి లేదు. గేటు చప్పుడైంది.

జ్ఞానరత్నంగారు డ్యూటీ కోటు వేసుకొని వచ్చారు. వెనక సరోజమ్మ, సూసన్న. ఆయన కుర్చీలో కూర్చుని, జేబులోంచి గుడ్డ తీసి, కీబోర్డు తుడిచారు. ఇంజన్ ఎక్కగానే హ్యాండిల్ తుడవడం ఆయన అలవాటు.

“బ్రేకు?”

“ఈ బాణం అండి.”

“కూత?”

“కూత ఇంకా పెట్టలేదండి. శబ్దమే పెట్టలేదు. స్పీకర్లు కూడా కొనలేదు.”

“కూత లేని బండి తియ్యమంటావా? రూలు ఒప్పుకోదు. సర్లే. నోటితో ఏసుకుంటాను.”

తెర మీద నిమ్‌పురా వెలిగింది. ఆయన కళ్ళు చికిలించారు.

“ఆ ఎనకాల తెల్లగా ఏటి?”

“మంచు కొండలండి. పైనుంచి అడిగారు.”

“నలభై ఏళ్ళు ఇక్కడ పనిసేసినాను. ఒక్క స్వెట్టరు ఇవ్వలేదు డిపార్ట్‌మెంటు.”

సూసన్న చెంగుతో నవ్వు మూసుకుంది. ఆర్థర్‌కి కొంచెం ధైర్యం వచ్చింది. బండి కదిలింది. ఆయన వేళ్ళు బాణాల మీద మెత్తగా ఆడాయి. పట్టాలు వచ్చాయి, సిగ్నల్ వచ్చింది, నేల గట్లుగా లేచి దిగింది. బండి కదలిక సరిగ్గా ఉంది. ఆయన ముఖంలో ముడతలు ఒక్కొక్కటీ విడుతున్నాయి.

దూరంగా ఉన్నవాటిని గీయడం కంప్యూటర్ వల్ల కాదు కదా, అందుకని కొంచెం దూరం తరవాత అంతా పొగమంచులాగా కప్పేస్తారు. బండి ముందుకి పోయేకొద్దీ ఆ మంచులోంచి ఒక్కొక్క చెట్టూ బయటికొస్తుంది.

ఒక తాటిచెట్టు వచ్చింది.

పక్కన… తెల్లగా… ఎవరో నిలబడి ఉన్నారు.

అందరూ చూశారు.

ఇంకో తాటిచెట్టు. పక్కన ఆవిడే. ఇంకొకటి. ఆవిడే. ఎడమన, కుడిన, మంచులోంచి వస్తూనే ఉన్నారు. తెల్లచీర. ముఖం ఉండాల్సినచోట బొమ్మ చెదిరిన నాలుగు గళ్ళు. తల చుట్టూ పొగ.

బండి ఒక్కొక్క చెట్టునీ దాటుతుంటే — ఆ ఆడమనిషి మెల్లగా, ఆయన వైపు తిరుగుతోంది.

“ఆర్థర్…” అన్నారు జ్ఞానరత్నంగారు. “ఇదేటి?”

“నేను… నేను పెట్టలేదండి.”

ఆయన బ్రేకు వేశారు. బండి ఆగింది. లైను పొడుగునా నిలబడ్డ పోలమ్మలందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన వెనక్కి పోనిచ్చారు. అందరూ వెనక్కి తిరిగారు. ముందుకి పోనిచ్చారు. అందరూ ముందుకి తిరిగారు. ఆయన ఒక చేత్తో బాణం నొక్కుతూ, రెండో చేత్తో కోటు గుండీ పట్టుకొని, నోటితో చిన్నగా కూత వేశారు. ఒకటి… రెండు… ఒక్కొక్క పోలమ్మకీ ఒక్కొక్క కూత.

సరిగ్గా అప్పుడే లోడ్‌షెడ్డింగ్.

చీకటి. ఫ్యాను రెక్కలు నెమ్మదించే చప్పుడు… అదీ ఆగింది.

“సెప్పు.” జ్ఞానరత్నంగారు గుసగుసగా అడిగారు. “నువ్వు అక్కడికి ఎల్లినావా?”

“ఫొటో కోసం వెళ్ళానండి.”

“వచ్చీటప్పుడు ఏటన్నావు?”

ఆర్థర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఏటన్నావు, బాబూ?”

“ఎల్లొస్తానన్నానండి.”

కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డారు. “అయితే ఆవిడ ఈ ఇంటికే వచ్చింది. ఈ పెట్టెలోనే ఉన్నాది. నా పిల్లని ఈ ఇంటికి పంపను. ఆదివారం రిచర్డోళ్ళకి మాట ఇచ్చెయ్యాల. పదండి.”

“నాన్నా…” అంది సూసన్న. చీకట్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి సరోజమ్మ గొంతు వినిపించింది.

“అది పోలమ్మ కాదు.”

“నీకెలగ తెల్సు?”

“నాకు తెల్సు.”

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. వెలుగులో సరోజమ్మ ముఖం కనిపించింది. రొంటిన దోపుకున్న చిన్న చుట్ట తీసింది, వెలిగించింది, రెండు దమ్ములు లాగింది. అగ్గిపుల్ల ఆరిపోతుండగా, ఆ చుట్టని తిప్పి… నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకొని… పెదాలు మూసింది.

మళ్ళీ చీకటి. నిప్పు లేదు. పొగ వాసన మాత్రం ఉంది.

“ఊఁ,” అంది చీకటి.

ఆర్థర్ గోడకి అంటుకుపోయాడు. అదే గొంతు.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. దీన్ని అడ్డపొగ అంటారు. మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్దాడవాళ్ళకి ఉండేది ఈ అలవాటు. గాలికి చుట్ట ఆరిపోకుండా, నిప్పు కొస నోట్లోనే దాచుకుంటారు. బయటికి నిప్పు కనిపించదు. నోట్లో నిప్పుంది కనక మాట్లాడరు. ఎవరేమన్నా, ‘ఊఁ’.

సరోజమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. సమాజం చీర తెల్లది. జ్ఞానరత్నంగారు చర్చి పెద్ద అయిన రోజున, తన ఇంట్లో పొగాకు ఉండదని పదిమంది ముందు ప్రమాణం చేసేశారు. ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు. అప్పట్నుంచీ సరోజమ్మ రోజూ సాయంత్రం ‘ఏకాంత ప్రార్థన’కి వెళుతోంది. ఊళ్ళో ఎవరూ రాని చోటు ఒక్కటే కదా ఉంది.

కరెంటు వచ్చింది. సరోజమ్మ చుట్ట ఆర్పి, కిటికీ గట్టు మీద పెట్టింది.

“ఈ బాబు వచ్చిన రోజు సెట్టు పక్కనే ఉన్నాను. కెమెరా సూసి లోపలికి పోయినాను. ఎల్లొస్తానన్నాడు. పిల్లోడు అంత మర్యాదగా సెప్తే ఊరుకోడం ఎలగ? ఊఁ అన్నాను. సైకిలు ఒగ్గీసి పారిపోయినాడు. తెల్లారగట్ల తీసుకొచ్చి ఎట్టినాను. సీటు ఎత్తు ఎక్కువ. తోసుకునే వచ్చినాను.”

“థాంక్సండి,” అన్నాడు ఆర్థర్, గోడ దగ్గర్నుంచే.

జ్ఞానరత్నంగారు భార్యనే చూస్తున్నారు. ఆయన కోపగించుకుంటారని సూసన్న ఎదురు చూసింది. ఆయన వేరే ఏదో లెక్క వేసుకుంటున్నారు.

“సరోజా… నా సర్వీసులో… ఆ ఒంపు దగ్గర రోజూ…”

“చిన్న కూత ఏసీవోడివి.”

“అది… గేటు కోసం.”

“అక్కడ గేటు లేదు.”

ఆయన నేల చూపులు చూశారు. సరోజమ్మ కొంగు సవరించుకుంది.

“నాకే ఏస్తన్నావనుకున్నాను ఇన్నాళ్ళూ. నాను అక్కడున్నానని నీకు తెల్సు, తెల్సీ ఊరుకుంటన్నావు, మంచోడు అనుకున్నాను. నువ్వు కూత ఏసిన ప్రతిసారీ నాను ఊఁ అనీదాన్ని. బండి సప్పుడులో నీకు ఇనపడీది కాదు.” కొంచెం ఆగి అంది. “అయితే పోలమ్మకేనన్నమాట.”

జ్ఞానరత్నంగారు కుర్చీలో కూర్చుండిపోయారు. ఎవరివైపూ చూడకుండా, “కొండలు బానే ఉన్నాయి,” అన్నారు. “ఆవిడ బొమ్మ మట్టుకు తీసెయ్యి. నా పెళ్ళాన్ని లైనంతా నిలబెట్టి ఊరందరికీ సూపిస్తావేటి? ఆదివారం వచ్చి ఇంకోసారి నడుపుతాను. బాగుంటే పిల్ల నీదే.”

సరోజమ్మ చుట్ట కిటికీ గట్టు మీదే ఉంది. ఆయన దాన్ని తీసి ఆవిడ చేతిలో పెట్టారు.

శనివారం ఆర్థర్ ఒక్క ఫొటోలో సరోజమ్మని చెరిపేశాడు. లైను పొడుగునా అన్ని చెట్ల పక్కనా సరోజమ్మలందరూ ఒక్క క్షణంలో మాయమయ్యారు. ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను కదా — ఫొటో ఒక్కటే.

ఆదివారం చర్చి నుంచి నేరుగా అందరూ ఆర్థర్ ఇంటికి వచ్చారు. మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ. వంటింట్లో ఆర్థర్ వాళ్ళమ్మ పాయసానికి ఏలకులు దంచుతోంది. భయపడడానికి ఏమాత్రం వీలైన వేళ కాదు.

జ్ఞానరత్నంగారు కీబోర్డు తుడిచి బండి తీశారు. చెట్లు వచ్చాయి. పక్కన ఎవరూ లేరు. చెట్లు బుద్ధిగా ఆయన వైపు తిరిగాయి, వెళ్ళిపోయాయి. మంచు కొండలు తళతళలాడాయి. “స్వెట్టరు తెచ్చుకోవల్సింది,” అన్నారాయన. ఆర్థర్ ఈసారి ధైర్యంగా నవ్వాడు.

లైను ఒంపు తిరిగింది. పంపు హౌసు వచ్చే చోటు.

“ఒరే, ఒకటి మిగిలిపోయినాదిరా.”

ఆర్థర్ వంగి చూశాడు. తాటిచెట్టు పక్కన తెల్లగా ఒక మనిషి.

“మిగలదండి,” అన్నాడు మెల్లగా. “మిగలడానికి వీల్లేదండి.”

బండి దగ్గరవుతోంది. తాటిచెట్టు ఆయన వైపు తిరిగింది. మనిషి తిరగలేదు. పక్కకి తిరిగే నిలబడి, పట్టాలు వెళ్ళే వైపు చూస్తోంది. చేతిలోంచి ఏదో వేలాడుతోంది. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పేర్చిన గిన్నెలు.

“నా సేతిలో క్యారియర్ లేదు,” అంది సరోజమ్మ. “ఎప్పుడూ లేదు.”

వంటింట్లో రోలు చప్పుడు ఆగింది.

జ్ఞానరత్నంగారు మంచి డ్రైవరు. బండిని మెల్లగా, ఒక్క కుదుపు లేకుండా ఆవిడకి కొంచెం ఇవతల ఆపారు. నోటితో చిన్న కూత వేశారు. లేచి, కోటు సర్దుకున్నారు.

“పిల్ల నీదే. పెళ్ళి పనులు సూసుకోవాల,” అన్నారు. పాయసం మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన చెప్పులు వేసుకున్నారు. గుమ్మం దాటుతూ, డెబ్భై ఏళ్ళ అలవాటు కదా, వెనక్కి తిరిగి అనేశారు —

“మరి, ఎల్లొస్తాం.”

“ఊఁ.”

అందరూ గభాలున సరోజమ్మ వైపు చూశారు. ఆవిడ నోరు తెరిచి చూపించింది.

ఖాళీ.

అప్పుడు మెల్లగా, ఒకరి తరవాత ఒకరు, స్పీకర్లు లేని ఆ కంప్యూటర్ వైపు తిరిగారు.

కొత్త సంవత్సరం వెళ్ళగానే పెళ్ళి జరిగింది. నేను వెళ్ళాను. పిల్లని అత్తవారింటికి పంపే వేళ తల్లీకూతుళ్ళు కావలించుకొని ఏడ్చారు. తరవాత సూసన్న కళ్ళు తుడుచుకొని, తల్లికిగానీ తండ్రికిగానీ వెళ్ళొస్తానని ఒక్క మాట అనకుండా, గబగబా రిక్షా ఎక్కేసింది.

చూసినవాళ్ళందరూ పిల్లకి పొగరన్నారు. నేను మాత్రం చెప్పులు చేత్తో పట్టుకొని, ఎవరికీ చెప్పకుండా పెరటి గుమ్మంలోంచి ఇంటికొచ్చేశాను.